స్టీలు గిన్నెల్లో మొదటి పెద్ద వంట

మాఘమాసంలో ఒక శుక్రవారం, తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు, రేపల్లెలో మా ఆడపిల్లల హాస్టలు వంటశాలలో కొత్త స్టీలు గిన్నెల కింద మొదటిసారి పొయ్యి ముట్టించాను. ఆ రోజు వార్షికోత్సవం. మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనాలు. పిల్లలు, వాళ్ళని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు, కమిటీ పెద్దలు, అందరూ తింటారు. వంట కుదిరితే ఆ వంటశాల నాది. కుదరకపోతే సోమవారం నుంచి మగ వంటమాస్టరు వస్తాడు, నేను మళ్ళీ అంట్ల దగ్గరికి పోవాలి. వార్డెనమ్మ గారు ఈ మాట నాకు దాచకుండా చెప్పారు. నేనూ సరేనన్నాను.

ఇప్పుడు హాస్టళ్ళలో, మెస్సుల్లో వంటపనికి కొత్తగా వచ్చే ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో ఏం నేర్చుకోవాలి పిన్నీ అని. ఉప్పూకారాలు ఎవరైనా నేర్పుతారు. గిన్నె సంగతి ఎవరూ చెప్పరు. అందుకని రాస్తున్నాను. నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. రాసేటప్పుడు కూడా నోటితో మాట్లాడినట్టే వస్తుంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

తెనాలి పెనం

గరిటె పట్టకముందు చాలా ఏళ్ళు అంట్లు తోమాను. దాన్ని తక్కువ పని అనుకోకండి. ఏ గిన్నె ఎక్కడ మాడుతుందో, ఏది పులుపుకి తట్టుకోదో తోమే వేళ్ళకే ముందు తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో తెనాలి స్టేషను దగ్గర ఒక టిఫిన్ హోటల్లో చేరాను. మొదటి రోజు హోటలు కట్టేసే వేళకి సామానంతా నా ముందు పడేశారు. సత్తు డేగిసాలు, ఇనప బాణళ్ళు, వాటి మీద దోసెల పెనం. ఆ పెనం చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. నల్లగా, జిడ్డోడుతూ, దాన్ని పుట్టినప్పటి నుంచీ ఎవరూ తోమలేదా అన్నట్టుంది. మొదటి రోజే మంచి పేరు తెచ్చుకోవాలని ఇటుక పొడి, ఊక బూడిద వేసి కొబ్బరి పీచుతో చేతులు పడిపోయేదాకా రుద్దాను. వెండి పళ్ళెంలా తెల్లబడింది. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని గోడకి ఆనించి అందరికీ కనపడేట్టు పెట్టి ఇంటికెళ్ళాను.

తెల్లారి వచ్చేసరికి వంటింట్లోంచి కేకలు. దోసెల మాస్టరు కన్నయ్య మొదటి దోసె పోశాడట, అతుక్కుంది. రెండోది పోశాడు, అతుక్కుంది. మూడోది ముక్కలు ముక్కలుగా వచ్చింది. బయట రైలు దిగిన జనం టేబుళ్ళ మీద చేతులతో కొడుతున్నారు.

"నా పెనాన్ని చంపింది ఎవరో ముందు బయటికి రండి!" అంటున్నాడు కన్నయ్య.

యజమాని నా వంక చూశాడు. "ఏమ్మాయ్, తోమమంటే తోలు వలిచావేంటి?"

నన్ను మాన్పించలేదు. ఆ రోజంతా పొయ్యి ముందు కూచోబెట్టి, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనం మీద రుద్దించాడు. కాలాలి, రుద్దాలి, చల్లారాలి, మళ్ళీ కాలాలి. ఇనప పెనానికి ఆ నలుపు మురికి కాదు. దాని చర్మం. దాన్ని గుడ్డతో తుడవాలి, మరీ అంటుకుంటే వేడినీళ్ళతో కడగాలి, వెంటనే ఆరబెట్టి నూనె చెయ్యి రాయాలి. సబ్బు, బూడిద దాని జోలికి పోకూడదు. కన్నయ్య నెలరోజుల దాకా నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో, తోలొలిచే ఆవిడా, సాంబారు డేగిసా కడుగు" అనేవాడు. నాకూ అలవాటైపోయి పలికేదాన్ని.

ఆ సాంబారు డేగిసా సంగతి కూడా చెప్పాలి. సత్తుది, అంటే అల్యూమినియం. ఊళ్ళో సిల్వరు గిన్నెలంటారు, వాటిలో వెండి నలుసంత కూడా ఉండదు. తేలిగ్గా ఉంటుంది, తొందరగా కాగుతుంది. ఇడ్లీకీ, నీళ్ళు కాచడానికీ మంచిదే. మా యజమాని పొద్దున కాచిన సాంబారు రాత్రి దాకా అందులోనే ఉంచేవాడు. చింతపండు పులుపు ఊరుకుంటుందా? సాయంత్రానికి సాంబారు నాలిక మీద ఒక రకం వగరు పట్టేది. డేగిసా అడుగున సూది గుచ్చినట్టు గుంటలు పడ్డాయి. ఎంత చెప్పినా ఆయన మార్చలేదు. మంచాయన, కానీ ఈ విషయంలో మొండి. ఆయన హోటలు కాబట్టి ఆయనిష్టం. మీ చేతిలో ఉన్న వంటశాలలో మాత్రం పులుసు సత్తు గిన్నెలో నిలవ ఉంచొద్దు.

వెంకటాద్రి మాస్టారు, ఆయన గుండిగలు

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళాను. అక్కడ కాలేజీ కుర్రాళ్ళ మెస్సులో వంటమాస్టరు వెంకటాద్రి గారు. నాకొచ్చిన పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. సన్నగా పొడుగ్గా ఉండేవారు. చెవి మీద బీడీ, భుజాన తువ్వాలు. నోరు మంచిది కాదు, మనిషి బంగారం.

ఆయనకి ఇత్తడి తప్ప వేరే లోహం కనపడేది కాదు. పెద్ద పెద్ద ఇత్తడి గుండిగలు ఉండేవి. నడుం లావు, మెడ సన్నం, అంచు బయటికి తిరిగి ఉంటుంది. ఆ మెడకి గుడ్డ కట్టి గుండిగని వంచితే గంజి మొత్తం కారిపోతుంది, మెతుకు జారదు. దాన్ని ఎత్తాలంటే రెండు చెవుల్లోంచి గడకర్ర దూర్చి ఇద్దరు మగాళ్ళు భుజం పట్టాలి. అందుకే ఆడవాళ్ళని పెద్ద వంట దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. కూరలు తరుగు, బియ్యం కడుగు, అంట్లు తోము, అక్కడితో సరి.

ఒకసారి అడిగాను. "మాస్టారూ, ఇవాళ అన్నం నన్ను దించనివ్వండి."

"నువ్వు గుండిగని దించడం కాదే, గుండిగే నిన్ను దించిద్ది. పక్కకి జరుగు."

అలా అన్నాయనే రోజూ అన్నం ఉడికే వేళకి నన్ను పిలిచి ఒక మెతుకు నా అరచేతిలో వేసేవారు.

"నొక్కు. ఏం చెప్తంది?"

"ఇంకా పలుకుందండి."

"ఎంత?"

"నువ్వుగింజంత."

"దించాలా, వద్దా?"

"దించాలండి. మిగతాది ఉమ్మగిల్లితే సరిపోద్ది."

"నీకు ఎత్తే బలం లేదు గానీ బుర్రుంది" అనేవారు.

ఉమ్మగిల్లడం అంటే గంజి వార్చాక మూత పెట్టి వదిలేస్తే తన ఆవిరిలో తనే ఉడకడం. ఇత్తడి గుండిగ గోడ మందం. పొయ్యి దిగినా చాలాసేపు వేడి వదలదు. అందుకే మెతుకు మధ్యలో ఆ కొంచెం పలుకు ఉండగానే దించాలి. పూర్తిగా ఉడికాక దించితే పంక్తిలోకొచ్చేసరికి ముద్దవుతుంది. మాస్టారు ముప్పై ఏళ్ళు అలాగే దించారు, ఏనాడూ తప్పు పోలేదు.

ఇత్తడికున్న తంటా కళాయి. లోపల తగరం పూత ఉన్నంతవరకే అది వంటగిన్నె. పూత పోయాక అందులో పులుపు పోస్తే చిలుమెక్కి కడుపులో తిప్పుతుంది. ఒకసారి పూత అరిగిపోయింది. కళాయి వేసేవాణ్ణి పిలవమంటే మెస్సు మేనేజరు "చూద్దాంలే, వచ్చే నెల" అన్నాడు. మాస్టారు వాదించలేదు. మర్నాటి నుంచి పులుసు లేదు, చారు లేదు, మజ్జిగ లేదు, పప్పులో చింతపండు లేదు. ముద్దపప్పు, బంగాళదుంప వేపుడు. మర్నాడూ అవే. ఆ తర్వాతా అవే. కుర్రాళ్ళు కంచాలు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చారు.

"మాస్టారూ, చారెక్కడండీ?"

"మేనేజరు గారి దగ్గరుంది బాబూ, పోయి అడగండి."

ఆ సాయంత్రమే కళాయి ఆయన కొలిమి తిత్తి మోసుకుని వచ్చాడు. గిన్నె ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి దూది ఉండతో తిప్పుతుంటే లోపలంతా వెన్నెల పరిచినట్టు తెల్లబడుతుంది. మాస్టారు లోపలికి తొంగి చూసి తన మీసం కనపడితే బాగా పడినట్టు, కనపడకపోతే మళ్ళీ వేయించేవారు.

మట్టి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా అమ్మది సముద్రం దగ్గర అడవులదీవి. చేపల పులుసుకి మట్టి దాకే. ఈ విషయంలో ఇత్తడి, స్టీలు ఏదొచ్చినా నేను ఒప్పుకోను. దాకలో పెట్టిన పులుసు తెల్లారి తింటే ఇంకా బావుంటుంది. మాస్టారు శాకాహారి. ఈ మాట ఆయన ముందు అనేదాన్ని కాదు.

కొన్నేళ్ళకి ఆ మెస్సు కాంట్రాక్టరుకిచ్చేశారు. ఆయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. మాస్టారు పెళ్ళి వంటలకి తిరగడం మొదలుపెట్టారు. నేను రేపల్లె హాస్టల్లో అంట్ల పనికి కుదిరాను.

స్టీలు

అప్పటికి ఊరంతా స్టీలే. పాత ఇత్తడి సామాను ఇచ్చి కొత్త స్టీలు గిన్నెలు తీసుకోవడం ఇంటింటా జరిగేది. మా హాస్టలు పిల్లల కంచాలన్నీ స్టీలే. ప్రతి దాని అంచు మీదా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉండేది. పిల్లలు కంచాలు కలిపేసుకుని కొట్లాడుకుంటే తీర్చాల్సింది నేను. చదవలేను కదా, అడిగి తెలుసుకునేదాన్ని. "ఇది లక్ష్మి అత్తా, ఇది మేరీ" అని వేలితో చూపించేవాళ్ళు. అలా మేరీలో "మ" వచ్చింది, లక్ష్మిలో "ల" వచ్చింది. పదో తరగతి పిల్ల ఒకతి పలక తెచ్చి మిగతావి దిద్దించింది. సున్నా చుట్టడం సరిగ్గా రావడం లేదని నా వేలు మీద స్కేలుతో కొట్టింది కూడా, బడుద్ధాయి.

స్టీలు గురించి నేను నేర్చుకున్నది సూటిగా చెప్తాను. దాని గోడ పలచన. పొయ్యి తాకిన చోట భగ్గుమంటుంది, పక్కన చల్లగా ఉంటుంది. అందుకే పప్పు, పాలు, పరవాన్నం అడుగంటుతాయి. గిన్నె తప్పు కాదు, మంట తగ్గించకపోవడం మన తప్పు. కూర వేయించేటప్పుడు ఖాళీ గిన్నె వేడెక్కాక నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించండి. చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా కాగలేదు. ముత్యాల్లా గుండ్రంగా పరుగెడితే అప్పుడు నూనె పోయండి, అంటుకోదు. ఉప్పు చల్లటి నీళ్ళలో వేసి వదిలేస్తే అడుగున చుక్కలు పడతాయి, నీళ్ళు మరిగాక వెయ్యండి. కట్టెల పొయ్యి మీద పెట్టే ముందు గిన్నె బయట తడిమట్టి పూయండి. మసి మట్టికే అంటుకుని నీళ్ళు పొయ్యగానే ఊడిపోతుంది.

మాడిందా, కత్తితో గోకొద్దు, వేడి మీద చన్నీళ్ళు పొయ్యొద్దు. చల్లారాక నీళ్ళు పోసి, గుప్పెడు వంటసోడా వేసి మరిగించి వదిలెయ్యండి. తెల్లారేసరికి మాడు దానంతటదే పొరలా లేస్తుంది. మంట సెగకి పట్టిన నీలం రంగు, పచ్చ రంగు మరకలకి చారు కాచిన చింతపండు పిప్పి చాలు. మా రేపల్లె ఉప్పునీళ్ళకి స్టీలు మీద తెల్లటి మచ్చలు కడతాయి. కడగ్గానే పొడిగుడ్డతో తుడిస్తే ఆ గొడవ ఉండదు.

కళాయి అక్కర్లేదు, చిలుము పట్టదు, పులుపుకి లొంగదు. వీటన్నిటి కంటే ముఖ్యం, ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తగలరు. నా బతుకు మారింది ఆ ఒక్క గుణం వల్ల.

ఆ శుక్రవారం

ఈ స్టీలు గుణాల్లో సగం నాకు తెలిసింది ఆ శుక్రవారం తర్వాతే. కూరలకీ పాలకీ చిన్న స్టీలు గిన్నెలు వాడేవాళ్ళం గానీ పెద్ద వంట మాకింకా ఇత్తడిలోనే. ఆ వారంలో కమిటీ వాళ్ళు పాత గుండిగలు ఇచ్చేసి పెద్ద స్టీలు గిన్నెలు తెచ్చారు. చూడగానే మా వంటాయన "ఈ రేకు డబ్బాల్లో నేను వండను" అని సంచి సర్దుకుని గుంటూరు బస్సెక్కాడు. రెండ్రోజుల్లో వార్షికోత్సవం.

నేను వార్డెన్ రూతమ్మ గారి దగ్గరికెళ్ళాను. కూరలు తరిగే నాగరత్నాన్ని పిలిచి, ఇద్దరం కలిసి నీళ్ళు నింపిన కొత్త గిన్నెని ఆవిడ ముందే ఎత్తి చూపించాం.

"ఎత్తడం సరేనమ్మా, వండగలవా?" అన్నారావిడ.

"వండగలనండి."

కమిటీ సెక్రటరీ ప్రకాశరావు గారు అక్కడే కూచుని ఉన్నారు. "ఆడమనిషి ఇంట్లో వండటం వేరు, ఇంతమందికి వేరండీ. అభాసుపాలవుతాం" అన్నారు. చివరికి ఇద్దరూ అనుకుని నేను మొదట్లో రాసిన ఆ షరతు పెట్టారు.

ధైర్యంగా ఒప్పుకున్నానే గానీ ఒంటిచేత్తో అంత వంట ఎప్పుడూ చెయ్యలేదు. బాపట్లలో మాస్టారి ఇంటిపక్క కొట్టుకి ఫోను చేయించాను. గురువారం సాయంత్రం బండికి దిగారాయన, చంకలో చుట్టిన దుప్పటితో. వస్తూనే కొత్త గిన్నె మీద గోటితో కొట్టి చూశారు.

"టంగుమంటంది. మెడ లేదు, నడుం లేదు. దీనికి వార్చే గుడ్డ ఎక్కడ కడతావే?"

"చెవుల కింద నుంచి తాడు బిగిస్తానండి."

"బిగించు. నాకేం, నేను చూడ్డానికొచ్చినోణ్ణి."

శుక్రవారం పొద్దున అన్నీ బాగానే నడిచాయి. సరుగుడు కట్టెలు దిట్టంగా మండాయి. పప్పు అడుగంటకుండా నాగరత్నం గరిటె తిప్పుతూనే ఉంది. వంకాయ కూర, సాంబారు దిగాయి. అన్నం చివర నాలుగు గిన్నెల్లో పెట్టాం, వేడిగా వడ్డించాలని. ఎసరు మరిగింది, బియ్యం పొంగాయి. మాస్టారు చూడ్డానికొచ్చిన మనిషి కదా, ఆగలేకపోయారు. మెతుకు తీసి నొక్కారు.

"నువ్వుగింజంత పలుకుంది. ఇదే అదను. దించు."

నాకు ఎక్కడో మనసు పీకింది. గిన్నె తేలిక కదా అనిపించింది. కానీ ఎన్నో ఏళ్ళు ఆ మాట మీదే పని చేసినదాన్ని. దించాం, తాడు బిగించి గంజి వార్చాం, మూతలు పెట్టాం. గుడ్డ జారలేదు. మాస్టారు "ఫరవాలేదే" అన్నారు. నేను పొంగిపోయాను.

పన్నెండు కొట్టాక మూత తీస్తే ఆవిరి రాలేదు. గిన్నె గోడ మీద చెయ్యి పెట్టాను. పెట్టి ఉంచగలిగాను. ఇత్తడి అయితే చెయ్యి కాలిపోయేది. మెతుకు కొరికితే పంటికింద పలుకు కరకరమంది. నాగరత్నం కూడా నోట్లో వేసుకుని చూసింది.

"అక్కా, ఇది కోళ్ళు తినాల్సిందే."

"నోర్ముయ్."

మాస్టారు నాలుగు గిన్నెల్లోంచీ నాలుగు మెతుకులు తీసి నొక్కారు. "ఇత్తడి అయితే ఈపాటికి..." అన్నారు.

"ఇత్తడి లేదు మాస్టారూ. ఉన్న గిన్నె సంగతి చూడాలి." ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

మళ్ళీ పొయ్యెక్కిస్తే నీళ్ళు లేని అన్నం, పలచటి అడుగు, క్షణంలో మాడిపోతుంది. మాడు వాసన మూడు వీధులకి తెలుస్తుంది. కావాల్సింది మంట కాదు. ఇత్తడి గోడ చేసే పని ఇంకెవరైనా చెయ్యాలి, వేడిని పట్టి ఉంచాలి. మా ఇంట్లో పచ్చి అరటిగెలకి వరిగడ్డి చుట్టి కప్పెట్టేవాళ్ళం, లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. అది తట్టింది.

వాచ్‌మన్ దావీదుని కేకేశాను. "అన్నా, నీ గేదె గడ్డి ఎంతుంది?"

"వామిలో సగముంది. ఎందుకూ?"

"అంతా తీసుకురా."

"గేదె ఏం తినాలి?"

"ముందు మనుషులు తినాలి. తేవయ్యా!"

వార్చిన గంజి తొట్టిలో అలాగే ఉంది. సగం తీసి బాగా మరగబెట్టించాను. అన్నం గుల్ల చేసి మరిగే గంజి చిలకరించాం. తడిగుడ్డ కప్పి మూత బిగించాం. నేల మీద గడ్డి మందంగా పరిచి గిన్నెల్ని అందులో దించి, చుట్టూ గడ్డి కుక్కి పైన గోనెసంచులు వేశాం. మూడు గిన్నెలకి సరిపోయాయి. నాలుగోదానికి సంచి లేదు. మాస్టారు లేచారు. తన దుప్పటి విప్పి రెండు మడతలు వేసి దాని మీద కప్పారు. గాలి పోకుండా అంచులు గడ్డిలోకి దోపారు.

"సాంబారు వాసనొస్తే ఉతికించే పూచీ నీదే" అన్నారు.

అప్పుడే సెక్రటరీ గారు వంటశాల గుమ్మంలోకి వచ్చారు. గడ్డిలో కూచున్న గిన్నెల్ని చూసి నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇది? అన్నానికి జ్వరమొచ్చిందా, దుప్పటి కప్పారు?"

మాస్టారే అందుకున్నారు. "అవునండి. చెమట పట్టాలండి. పట్టగానే దిగిద్ది."

"ఎంతసేపు పట్టుద్దండీ చెమట?"

"మీరెళ్ళి కూచుని నాలుగు మాటలు మాట్లాడేసరికి పట్టుద్దండి."

ఆయన వెనకే వార్డెనమ్మ గారు. ఆవిడ నా మొహం చూసి తిన్నగా భోజనాల దగ్గరికి వెళ్ళారు. మామూలుగా భోజనాలకి ముందు ఆవిడ చేసే ప్రార్థన రెండు ముక్కల్లో అయిపోతుంది. ఆ రోజు పిల్లల కోసం చేశారు, పెద్దల కోసం చేశారు, రైతుల కోసం, సముద్రం మీదున్న జాలర్ల కోసం, ఊరూరా ఉన్న జబ్బు మనుషుల కోసం చేశారు. ఆకలేసిన పిల్లలు ఒంటికన్ను తెరిచి చూసుకుంటున్నారని నాగరత్నం కిటికీలోంచి చూసొచ్చి చెప్పింది. మాస్టారు తువ్వాలు తీసి తల వంచి నిలబడ్డారు. ఆయన దేవుడు వేరు, అయినా ఆ ప్రార్థన ఎంత పొడుగైతే ఆయనకంత మంచిది.

"ఆమెన్" వినపడగానే దుప్పటి తీశాను. మూత ఎత్తితే ఆవిరి గుప్పున మొహానికి కొట్టింది. మెతుకు నొక్కాను. పలుకు లేదు. మాస్టారి అరచేతిలో ఒకటి వేశాను.

"నొక్కండి. ఏం చెప్తందండీ?"

ఆయన నొక్కి చూశారు. "వడ్డించుకోమంటంది" అన్నారు.

వడ్డించాం. పిల్లలు మారు అడిగారు. వాళ్ళ నాన్నలు ఇంకా ఎక్కువ అడిగారు. సెక్రటరీ గారు సాంబారులో ఒకసారి, పెరుగులో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. చెయ్యి కడుక్కుని తిన్నగా వంటశాలలోకి వచ్చి, నన్ను దాటుకుని మాస్టారి ముందు నిలబడ్డారు.

"మాస్టారూ, మీ చెయ్యి మహత్తు. మెతుకుకి మెతుకు అంటలేదు. బాపట్లలో మీకు పనేం లేదని విన్నాను. మా దగ్గరే ఉండిపోండి. సోమవారం నుంచే."

నాగరత్నం చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. మాస్టారి ఇంటి సంగతి నాకు తెలుసు. పెళ్ళి ముహూర్తాలు లేని నెలల్లో ఆయన ఎలా గడుపుతున్నారో తెలుసు. ఆయన ఊఁ అంటే నేను కాదనలేను, కోపం కూడా తెచ్చుకోలేను. తల వంచుకుని గడ్డి ఏరడం మొదలుపెట్టాను.

మాస్టారు చెవి మీద బీడీ సర్దుకున్నారు. "నేను ఇత్తడి వంటోణ్ణండి. ఈ గిన్నెల్లో ఇవాళ నేను దించింది పచ్చి అన్నం. పలుకుండగా దించమన్నది నేనే. దాన్ని అన్నం చేసింది ఆ అమ్మాయి."

"అంటే?"

"అంటే మీరు తిన్నది కోటమ్మ వంటండి. నాది తినుంటే ఈపాటికి మీకు కడుపునొప్పి వచ్చుండేది."

సెక్రటరీ గారు మాస్టారి వంక చూశారు, నా వంక చూశారు, గడ్డి వంక చూశారు. వార్డెనమ్మ గారు గుమ్మంలోంచి అన్నారు, "సోమవారం పొద్దున టిఫిను ఏం చేస్తావమ్మా?"

"ఉప్మా అండి."

"జీడిపప్పు వెయ్యి" అన్నారు సెక్రటరీ గారు, అదేదో తను ముందే ఒప్పుకున్న విషయంలాగా.

సాయంత్రం బండికి మాస్టారు వెళ్ళిపోయారు. దుప్పటి దులిపినా గడ్డిపరకలు పోలేదు. ఉతికిస్తానంటే ఇవ్వలేదు. గేటు దగ్గర ఆగి, "రేపటి నుంచి మెతుకు పూర్తిగా ఉడికాకే దించు. నా లెక్క మర్చిపో" అన్నారు. ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు ఆ వంటశాలలోనే వండాను. వంట గురించి నాకు ఎవరేం చెప్పినా విన్నాను. ఆయన లెక్క మర్చిపొమ్మన్న మాట ఒక్కటే, గిన్నె వరకు విన్నాను, మనసులో వినలేదు.

ఆ రోజు వంటశాలలో ఉన్నవాళ్ళ పేర్లు నా చేత్తో రాయాలని ఎప్పటి నుంచో ఉంది. ప్రార్థన చేసింది వార్డెన్ రూతమ్మ గారు. మారు పెట్టించుకున్నది సెక్రటరీ ప్రకాశరావు గారు. పప్పు తిప్పింది నాగరత్నం. గడ్డి తెచ్చింది దావీదన్న, ఆయన గేదె ఆ పూట పస్తు ఉంది. దుప్పటి కప్పింది వెంకటాద్రి మాస్టారు. అన్నం వండింది కోటేశ్వరమ్మ.